విమాన ప్రయాణ ఆలస్యం – నష్టపరిహార హక్కు: నియమాలు, పదాలు, అభ్యర్థన విధానం

సారాంశం:

విమానం ఆలస్యమైనప్పుడు ప్రయాణికుడికి నష్టపరిహారం లభిస్తుందన్న అభిప్రాయం చదువుకున్నవారిలో విస్తృతంగా ఉంది. భారతీయ విమానయాన నియమాలు మాత్రం ఆలస్యానికి సౌకర్యాన్నీ, రద్దుకు వాపసునూ, కొన్ని సందర్భాల్లో మాత్రమే నష్టపరిహారాన్నీ నిర్దేశిస్తున్నాయి. ఈ మూడింటి మధ్య భేదాన్ని గుర్తించకుండా రాసిన అభ్యర్థనలు తేలికగా తిరస్కరణకు గురవుతాయి. ఆలస్యానికి పరిహారం కోరదలచినవారు అందుకు ఏ చట్టాన్ని ఆశ్రయించాలి, ఏ ఆధారాలు సేకరించాలి, అభ్యర్థనను ఏ క్రమంలో రూపొందించాలి అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. భారతీయ, ఐరోపా విధానాల మధ్య ఉన్న మౌలిక భేదాన్ని కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: విమాన ఆలస్యం, నష్టపరిహారం, వాపసు, సేవాలోపం, మాంట్రియల్ ఒడంబడిక, వినియోగదారుల రక్షణ చట్టం, నిరూపణ భారం.

1. ప్రవేశిక:

విమాన ప్రయాణం ఒకప్పుడు సంపన్నుల సౌకర్యం. నేడు సదస్సులకు వెళ్లే పరిశోధక విద్యార్థులు, మౌఖిక పరీక్షల నిర్వహణకు వెళ్లే అధ్యాపకులు, విదేశాల్లోని పిల్లలను చూడటానికి వెళ్లే వృద్ధ తల్లిదండ్రులు విమానాశ్రయాల్లో తరచుగా కనిపిస్తున్నారు. ప్రయాణికుల సంఖ్య పెరిగినంతగా వారి హక్కుల గురించిన అవగాహన పెరగలేదు. ఏడు గంటలు ఆలస్యంగా గమ్యం చేరిన వ్యక్తి “నా సమయం వృథా అయింది, నష్టపరిహారం ఇవ్వండి” అని విమానయాన సంస్థకు రాస్తాడు. “మీకు అల్పాహారం అందించాం, నియమాల ప్రకారం ఇంకేమీ చెల్లించనక్కరలేదు” అని సంస్థ జవాబిస్తుంది. చాలామంది విషయంలో వ్యవహారం అక్కడితో ముగుస్తుంది.

సంస్థ ఇచ్చిన ఆ జవాబులో సగం నిజం ఉంది. సంస్థ ఉదహరించిన నియమంలో ఆలస్యానికి నగదు పరిహారం లేదన్నది వాస్తవం. ఆ నియమం ఒక్కటే ప్రయాణికుడికి దిక్కు అన్నది వాస్తవం కాదు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న దూరాన్ని వివరించడమే ప్రస్తుత వ్యాసం లక్ష్యం.

2. పదాల మధ్య భేదం:

వ్యవహారంలో ఒకదానికొకటి పర్యాయపదాలుగా వాడే కొన్ని మాటలు నియమాల్లో వేర్వేరు అర్థాలు కలిగి ఉంటాయి. వీటిని ముందుగా నిర్ధారించుకోవాలి.

జరిగిన ఘటనను సూచించే పదాలు మూడు. నిర్ణీత సమయం కంటే విమానం వెనుకబడటం ‘ఆలస్యం’. ఆ విమానాన్ని అసలు నడపకపోవడం ‘రద్దు’. విమానం బయలుదేరుతున్నా, టికెట్ ఖరారైన ప్రయాణికుడు సకాలంలో హాజరైనా, సీట్లకు మించి టికెట్లు అమ్మిన కారణంగా అతణ్ణి ఎక్కనివ్వకపోవడం ‘ప్రయాణ నిరాకరణ’.

లభించే ఉపశమనాన్ని సూచించే పదాలు కూడా మూడే. నిరీక్షణ కాలంలో అందించే ఆహారం, వసతి ‘సౌకర్యం’. పొందని సేవకు చెల్లించిన సొమ్మును తిరిగి ఇవ్వడం ‘వాపసు’. కలిగిన నష్టాన్ని పూడ్చడానికి అదనంగా చెల్లించేది ‘నష్టపరిహారం’. వాపసు ప్రయాణికుడి సొమ్మే. అది చేతికి వచ్చినంత మాత్రాన నష్టం పూడినట్లు కాదు. వాపసు తీసుకున్నవారికి పరిహారం అడిగే అవకాశం ఉండదన్న భావన సరైనది కాదు. అయితే “దీనితో నా అభ్యర్థనలన్నీ పరిష్కారమయ్యాయి” అన్న అంగీకార పత్రంపై సంతకం చేసినా, అటువంటి షరతుతో కూడిన ప్రయాణ వోచరును స్వీకరించినా తరువాతి వాదన బలహీనపడుతుంది.

ఏ ఘటనకు ఏ ఉపశమనం అన్నది తరువాతి విభాగంలో చూడవచ్చు.

3. భారతీయ విమానయాన నియమాలు:

డీజీసీఏగా వ్యవహరించే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ జారీ చేసిన ‘పౌర విమానయాన ఆవశ్యకతలు’ అనే నియమావళిలో 3వ సెక్షను, ‘ఎం’ శ్రేణి, 4వ భాగం ఈ మూడు ఘటనలకు సంబంధించినది. 2010లో అమల్లోకి వచ్చిన ఈ భాగం తరువాత పలుమార్లు సవరణకు లోనైంది. అందువల్ల అభ్యర్థన రాసేముందు డీజీసీఏ వెబ్‌సైటులో అప్పటికి అమల్లో ఉన్న ప్రతిని సరిచూసుకోవడం అవసరం.

3.1. ఆలస్యం:

ప్రయాణికుడు సకాలంలో చెక్-ఇన్ చేసి ఉండాలన్నది మొదటి షరతు. ఆపై ఆలస్యాన్ని విమానం ‘బ్లాక్ సమయం’తో పోల్చి చూస్తారు. విమానం బయలుదేరే చోటు నుంచి కదిలిన క్షణం మొదలు గమ్యంలో నిలిచే క్షణం వరకు పట్టే కాలమే బ్లాక్ సమయం. ఇది రెండున్నర గంటల లోపు ఉన్న ప్రయాణాల్లో 2 గంటలు, రెండున్నర నుంచి 5 గంటల మధ్య ఉన్న ప్రయాణాల్లో 3 గంటలు, మిగిలినవాటిలో 4 గంటలు, లేదా అంతకుమించి ఆలస్యమయ్యే సూచన ఉంటే నిరీక్షణకు తగిన భోజనం, ఫలహారం ఉచితంగా అందించాలి.

దేశీయ విమానం 6 గంటలకు మించి ఆలస్యం కానున్నప్పుడు, మారిన సమయాన్ని అసలు సమయానికి 24 గంటల ముందుగానే తెలియజేయాలి. 6 గంటల లోపు బయలుదేరే ప్రత్యామ్నాయ విమానం గాని, టికెట్టు పూర్తి వాపసు గాని ఎంచుకునే అవకాశాన్ని ప్రయాణికుడికి ఇవ్వాలి. ఆలస్యం 24 గంటలు దాటితేనూ, రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 గంటల మధ్య బయలుదేరవలసిన విమానం 6 గంటలకు మించి ఆలస్యమైతేనూ హోటల్ వసతి, అక్కడికి రాకపోకలు సంస్థ బాధ్యత.

ఈ నిబంధనల్లో ఎక్కడా ‘నష్టపరిహారం’ అన్న మాట లేదు. ఆకలి తీర్చాలి, పడక చూపాలి, కోరితే సొమ్ము తిరిగి ఇవ్వాలి. అంతవరకే.

3.2. రద్దు:

రద్దు సమాచారాన్ని కనీసం రెండు వారాల ముందు తెలియజేసి, ప్రత్యామ్నాయ విమానాన్ని గాని, వాపసును గాని సమకూర్చాలి. రెండు వారాల లోపు, ప్రయాణానికి 24 గంటల ముందు వరకు తెలిపినా ఇదే ఏర్పాటు వర్తిస్తుంది. ఆ విధంగా తెలియజేయని సందర్భంలో ప్రత్యామ్నాయ విమానం లేదా వాపసుతో పాటు నష్టపరిహారం కూడా చెల్లించాలి. బ్లాక్ సమయం గంట వరకు ఉంటే 5,000 రూపాయలు, గంట నుంచి 2 గంటల వరకు 7,500 రూపాయలు, 2 గంటలు దాటితే 10,000 రూపాయలు. లేదా ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది.

చివరి వాక్యం కీలకమైనది. ఉదాహరణకు హైదరాబాదు నుంచి బెంగళూరుకు వెళ్లే విమానం బ్లాక్ సమయం గంట నుంచి రెండు గంటల మధ్య ఉంటుంది. టికెట్టులో మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి 3,200 రూపాయలు ఉందనుకుంటే, పరిహారం 3,200 రూపాయలే అవుతుంది గాని 7,500 కాదు. విమానాశ్రయ రుసుములు, పన్నులు ఈ లెక్కలోకి రావు. ప్రయాణికుడు తన ఫోను నంబరు వంటి సంప్రదింపు వివరాలు సరిగా ఇవ్వకపోతే ఈ పరిహారం కూడా దక్కదు. మధ్యవర్తి ఏజెంటు ద్వారా టికెట్టు కొన్నవారు తమ సొంత నంబరే నమోదైందో లేదో చూసుకోవడం మంచిది.

3.3. ప్రయాణ నిరాకరణ:

సీట్లు చాలనప్పుడు స్వచ్ఛందంగా తప్పుకునేవారి కోసం సంస్థ ముందుగా అడగాలి. ఎవరూ ముందుకు రాక, బలవంతంగా ఎవరినైనా ఆపవలసివస్తే, అసలు సమయానికి గంట లోపు బయలుదేరే వేరే విమానం ఏర్పాటు చేసినప్పుడు పరిహారం ఉండదు. 24 గంటల లోపు బయలుదేరే విమానం ఏర్పాటు చేస్తే ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీల మొత్తానికి రెట్టింపు, గరిష్ఠంగా 10,000 రూపాయలు చెల్లించాలి. 24 గంటలు దాటితే నాలుగు రెట్లు, గరిష్ఠంగా 20,000 రూపాయలు. వేరే విమానం వద్దనుకున్నవారికి టికెట్టు వాపసుతో పాటు నాలుగు రెట్ల పరిహారం, అదే గరిష్ఠ పరిమితితో లభిస్తుంది.

3.4. అసాధారణ పరిస్థితులు:

రాజకీయ అస్థిరత, ప్రకృతి వైపరీత్యం, అంతర్యుద్ధం, అల్లర్లు, వరద, పేలుడు, ప్రభుత్వ ఆదేశం, సమ్మె వంటి తన అదుపులో లేని కారణాల వల్ల రద్దు గాని ఆలస్యం గాని జరిగినప్పుడు సంస్థకు పరిహార బాధ్యత ఉండదు. వాతావరణం, విమాన రాకపోకల నియంత్రణ, భద్రతా ముప్పు వంటి కారణాలకూ ఇదే మినహాయింపు వర్తిస్తుంది. అందువల్ల ‘ఎంత ఆలస్యమైంది’ అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ‘ఎందుకు ఆలస్యమైంది’ అన్న ప్రశ్న అంతకంటే ముఖ్యం.

4. ఆలస్యానికి నష్టపరిహారం – చట్టపరమైన ఆధారాలు:

డీజీసీఏ నియమాలు సంస్థ పాటించవలసిన కనీస ప్రమాణాలు. వాటికి వెలుపల ప్రయాణికుడికి రెండు ప్రధానమైన ఆధారాలు ఉన్నాయి.

4.1. మాంట్రియల్ ఒడంబడిక:

1999 మే 28న మాంట్రియల్ నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక 2009 జూన్ 30 నుంచి భారతదేశానికి వర్తిస్తోంది. దీనిని 1972 నాటి విమాన రవాణా చట్టంలో మూడవ షెడ్యూలుగా చేర్చారు. దీని 19వ అధికరణం ప్రకారం ప్రయాణికుల, సామాను రవాణాలో ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి రవాణా సంస్థ బాధ్యత వహించాలి. నష్టాన్ని నివారించడానికి సమంజసమైన చర్యలన్నీ తీసుకున్నట్లు గాని, అటువంటి చర్యలు అసాధ్యమైనట్లు గాని సంస్థ రుజువు చేసుకుంటేనే ఆ బాధ్యత తొలగుతుంది.

ఇక్కడ నిరూపణ భారం రెండుగా విడిపోతుంది. ఆలస్యం వల్ల ఫలానా నష్టం కలిగిందని చూపవలసినవాడు ప్రయాణికుడు. తాను చేయగలిగినదంతా చేశానని చూపవలసినది సంస్థ. “వాతావరణం బాగాలేదు” అన్న ఒక్క వాక్యం ఈ రెండవ భారాన్ని తీర్చదు. అదే సమయంలో అదే మార్గంలో ఇతర విమానాలు నడిచాయా, సిబ్బంది అందుబాటులో ఉన్నారా అన్న ప్రశ్నలకు జవాబు కావాలి.

ఈ బాధ్యతకు గరిష్ఠ పరిమితి ఉంది. అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కింపు ప్రమాణమైన ‘స్పెషల్ డ్రాయింగ్ రైట్స్’లో దానిని పేర్కొంటారు. మొదట ఒక్కో ప్రయాణికుడికి 4,150 యూనిట్లుగా ఉన్న ఆలస్య పరిమితి, ఒడంబడికలోని సమీక్షా విధానం ప్రకారం పెరుగుతూ 2024 డిసెంబరు 28 నుంచి 6,303 యూనిట్లకు చేరింది. ఇది గరిష్ఠం మాత్రమే. ప్రతివారికీ ఇచ్చే స్థిరమైన మొత్తం కాదు. శిక్షాత్మక పరిహారాన్ని 29వ అధికరణం నిషేధిస్తోంది. 35వ అధికరణం ప్రకారం రెండేళ్ల లోపు దావా వేయాలి. సామాను ఆలస్యమైతే అది చేతికి అందిన 21 రోజుల లోపు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. దేశీయ ప్రయాణాలకు ఈ చట్ట నిబంధనలను మార్పులతో వర్తింపజేసే అధికారాన్ని 8వ సెక్షను కేంద్ర ప్రభుత్వానికి ఇస్తోంది.

4.2. వినియోగదారుల రక్షణ చట్టం, 2019:

2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన ఈ చట్టం రవాణాను ‘సేవ’గా పరిగణిస్తోంది. ‘సేవాలోపం’ నిర్వచనంలో నిర్లక్ష్యంతో పాటు, వినియోగదారుడికి తెలియవలసిన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా తొక్కిపెట్టడం కూడా చేరింది. విమానం ఆరు గంటల తరువాతనే బయలుదేరుతుందని తెలిసి కూడా అరగంటకొకసారి “మరో అరగంట” అని ప్రకటిస్తూ పోయే సంస్థ, ప్రయాణికుడు వాపసు కోరుకునే అవకాశాన్నీ, వేరే దారి చూసుకునే అవకాశాన్నీ పోగొడుతోంది. అటువంటి సందర్భంలో ఆలస్యం కంటే సమాచార లోపమే బలమైన వాదన కావచ్చు.

ఈ చట్టంలో ప్రయాణికుడికి అనుకూలమైన అంశాలు మరికొన్ని ఉన్నాయి. ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. శ్రీకాకుళంలో ఉండే అధ్యాపకుడు సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న నగరానికి వెళ్లనక్కరలేదు. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. ఫిర్యాదుకు కాలపరిమితి రెండేళ్లు. టికెట్టు సొమ్మును విశ్వవిద్యాలయం చెల్లించినా, చెల్లించినవారి సమ్మతితో సేవ పొందిన వ్యక్తి కూడా నిర్వచనం ప్రకారం వినియోగదారుడే.

రైలు ఆలస్యానికి సంబంధించిన ఒక తీర్పు ఇక్కడ ఉపయోగపడుతుంది. అజ్మీర్ నుంచి జమ్మూకు వెళ్లిన రైలు నాలుగు గంటలు ఆలస్యమై, శ్రీనగర్ విమానం తప్పిపోయి, ట్యాక్సీలో వెళ్లవలసి వచ్చిన ప్రయాణికుడికి అనుకూలంగా సుప్రీంకోర్టు 2021 సెప్టెంబరులో తీర్పునిచ్చింది. ఆలస్యానికి తన అదుపులో లేని కారణం ఉందని రైల్వే వివరించి రుజువు చేయాలని, లేనిపక్షంలో పరిహారం చెల్లించాలని పేర్కొంది. ఆ ప్రయాణికుడు ‘నా సమయం పోయింది’ అని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. ట్యాక్సీకి ఎంత, ముందుగా చేసుకున్న బసకు ఎంత అన్నది లెక్కకట్టి చూపాడు.

5. ఢిల్లీ – హైదరాబాదు విమానం: ఒక తీర్పు నేర్పే పాఠం:

2007 డిసెంబరు 14న ఢిల్లీ నుంచి హైదరాబాదుకు రావలసిన ఒక విమానం దట్టమైన పొగమంచు వల్ల చాలా గంటలు ఆలస్యమైంది. ఆ కాలంలో అధిక భాగం ప్రయాణికులు విమానంలోనే కూర్చుని గడపవలసి వచ్చింది. వారిలో ఒకరు హైదరాబాదులోని శాశ్వత లోక్ అదాలత్‌ను ఆశ్రయించారు. పొగమంచు వల్ల జరిగిన ఆలస్యానికి సంస్థను తప్పుపట్టకపోయినా, ఆ సమయంలో తగిన సౌకర్యాలు అందించలేదన్న కారణంతో 10,000 రూపాయల పరిహారం, 2,000 రూపాయల ఖర్చులు చెల్లించాలని లోక్ అదాలత్ ఆదేశించింది. వివాదం హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు చేరింది.

2011 జులై 4న వెలువడిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. ఆలస్యానికి కారణాలు సంస్థ అదుపులో లేనివని, ఆ సందర్భంలో సేవాలోపం రుజువు కాలేదని నిర్ణయించింది. ఈ ఫలితాన్ని మాత్రమే చూసినవారు తీర్పు ప్రయాణికులకు పూర్తిగా ప్రతికూలమని భావించే అవకాశం ఉంది. తీర్పులోని మరో రెండు అంశాలు అందుకు భిన్నమైనవి. మొదటిది, విమానయాన సంస్థలపై వచ్చే వివాదాలను విచారించే అధికారం శాశ్వత లోక్ అదాలత్‌కు ఉందని కోర్టు స్పష్టం చేసింది. రెండవది, ‘తక్కువ ఛార్జీల సంస్థ’ అన్న పేరు కనీస సౌకర్యాల బాధ్యతను తొలగించదని పేర్కొంది. ఛార్జీ తక్కువైనా, ప్రయాణికుడిని గంటల తరబడి కూర్చోబెట్టినప్పుడు కనీస ఆహారం, కనీస సంరక్షణ తప్పవు.

ఈ వివాదంలో ప్రయాణికుడు మూడు మెట్లలో రెండు గెలిచి చివరి మెట్టులో ఓడిపోయాడు. ఓటమికి మూలం చట్టం లేకపోవడం కాదు. ఆలస్యానికి కారణం సంస్థ అదుపులో లేనిదని తేలడం, సౌకర్యాల లోపం రుజువుకు నిలవకపోవడం. ఏ పూట ఏమి అడిగారు, ఎవరు ఏమని జవాబిచ్చారు, ఏమి అందింది, ఏమి అందలేదు అన్న వివరాలను అప్పటికప్పుడు నమోదు చేసుకోవలసిన అవసరాన్ని ఈ తీర్పు పరోక్షంగా తెలియజేస్తుంది.

6. ఐరోపా విధానం – కాలానికి కట్టిన వెల:

ఐరోపా సమాఖ్య 2004లో రూపొందించి, 2005 ఫిబ్రవరి 17 నుంచి అమలు చేస్తున్న 261/2004 నియంత్రణ ఈ విషయంలో ప్రసిద్ధమైనది. దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోల స్థిరమైన పరిహారాన్ని ఇది నిర్దేశించింది. గమనించదగిన విషయమేమిటంటే ఈ నియంత్రణ మూల పాఠంలో కూడా ఆ పరిహారం రద్దుకూ, ప్రయాణ నిరాకరణకే పరిమితం. ఆలస్యానికి భోజనం, వసతి, అయిదు గంటలు దాటితే వాపసు మాత్రమే ఉన్నాయి. అంటే ఈ విషయంలో భారతీయ నియమాలకూ దానికీ పోలిక ఉంది.

2009 నవంబరు 19న ఐరోపా న్యాయస్థానం ‘స్టర్జన్’ తీర్పుతో ఈ స్థితిని మార్చింది. విమానం రద్దయి మూడు గంటలు ఆలస్యంగా మరో విమానంలో చేరినవాడూ, అదే విమానంలో మూడు గంటలు ఆలస్యంగా చేరినవాడూ కోల్పోయినది ఒకటేనని, అది తిరిగిరాని కాలమని కోర్టు భావించింది. సమానమైన స్థితిలో ఉన్నవారిని వేర్వేరుగా చూడరాదన్న సూత్రాన్ని అనుసరించి, గమ్యాన్ని 3 గంటలు లేదా అంతకుమించి ఆలస్యంగా చేరిన ప్రయాణికులకు కూడా ఆ పరిహారం వర్తిస్తుందని నిర్ణయించింది. 2012లో మరో తీర్పు దీనిని ధ్రువీకరించింది. విమానం తలుపుల్లో కనీసం ఒకటి తెరుచుకుని, ప్రయాణికులు దిగడానికి వీలైన క్షణమే చేరిక సమయమని 2014లో ఇంకొక తీర్పు స్పష్టం చేసింది. సాధారణ సాంకేతిక లోపం అసాధారణ పరిస్థితి కాదని 2008 నాటి తీర్పు అప్పటికే చెప్పి ఉంది.

ఈ విధానంలో ప్రయాణికుడు తన నష్టాన్ని రుజువు చేయనక్కరలేదు. కాలం పోవడమే నష్టం. భారతీయ విధానంలో కాలం పోవడం వల్ల ఏం పోయిందో చూపాలి. రెండు విధానాల మధ్య మౌలికమైన భేదం ఇదే.

తెలుగువారికి ఇది ఎంతవరకు ఉపయోగపడుతుందన్నది జాగ్రత్తగా చూడాలి. ఐరోపా సమాఖ్య విమానాశ్రయం నుంచి బయలుదేరే ఏ సంస్థ విమానానికైనా ఈ నియంత్రణ వర్తిస్తుంది. బయటి దేశం నుంచి సమాఖ్యకు వెళ్లేటప్పుడు మాత్రం విమానం సమాఖ్య సంస్థదై ఉండాలి. హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు జర్మనీ సంస్థ విమానంలో వెళ్లి, నాలుగు గంటలకు మించి ఆలస్యంగా చేరినవారు 600 యూరోలు కోరవచ్చు. దూరం 3,500 కిలోమీటర్లు దాటి, ఆలస్యం మూడు, నాలుగు గంటల మధ్య ఉంటే ఆ మొత్తాన్ని సగానికి తగ్గించవచ్చు.

అయితే హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అమెరికాకు ఒకే బుకింగుతో వెళ్లే ప్రయాణికుడి స్థితి వేరు. బయలుదేరిన చోటు, చివరి గమ్యం రెండూ సమాఖ్యకు వెలుపల ఉండి, మధ్యలో విమానం మారే చోటు మాత్రమే సమాఖ్యలో ఉన్నప్పుడు ఈ నియంత్రణ వర్తించదని 2022 ఫిబ్రవరి 24న ఐరోపా న్యాయస్థానం తీర్పునిచ్చింది. అమెరికాలోని తమవారిని చూడటానికి ఈ దారిలో వెళ్లే తెలుగువారిలో ఎందరికో ఇది వర్తిస్తుంది. వారికి మిగిలే ప్రధాన ఆధారం మాంట్రియల్ ఒడంబడికే. అమెరికా సమాఖ్య నియమాలు కూడా ఆలస్యానికి నగదు పరిహారాన్ని నిర్దేశించడం లేదు. అంతర్జాతీయ ప్రయాణం 6 గంటలు లేదా అంతకుమించి మారినప్పుడు, ప్రయాణం మానుకున్నవారికి వాపసు హక్కు మాత్రం 2024 నుంచి ఉంది.

7. అభ్యర్థన విధానం:

7.1. ఆధారాల సేకరణ:

ఆధారాలు విమానాశ్రయంలోనే సేకరించాలి. ఇంటికి వచ్చాక అవి దొరకవు. టికెట్టు, బోర్డింగ్ పాస్, సంస్థ పంపిన సందేశాల ప్రతులు, సమయాలు కనిపించేలా తీసిన ప్రకటన బోర్డు ఛాయాచిత్రం, భోజనం, ట్యాక్సీ, హోటల్ రసీదులు భద్రపరచాలి. ఆలస్యానికి కారణాన్ని లిఖితపూర్వకంగా ఇవ్వమని కౌంటరులో కోరాలి. ఇవ్వకపోతే అక్కడి నుంచే సంస్థకు ఈ-మెయిల్ పంపి అడగాలి. జవాబు రాకపోయినా, అడిగినట్లు సమయంతో సహా ఆధారం మిగులుతుంది.

7.2. అభ్యర్థన నిర్మాణం:

అభ్యర్థనలో నాలుగు భాగాలు ఉండాలి: ఘటన, వర్తించే నియమం, నష్టం లెక్క, కోరుతున్న ఉపశమనం. ఆవేదనను వ్యక్తం చేయడం సహజమే గాని, అది లెక్కకు ప్రత్యామ్నాయం కాదు. ఒక కల్పిత సందర్భాన్ని తీసుకుని నమూనాను పరిశీలించవచ్చు. తిరుపతికి చెందిన ఒక పరిశోధక విద్యార్థిని హైదరాబాదు నుంచి ఢిల్లీకి ఉదయం 6 గంటల విమానంలో వెళ్లవలసి ఉంది. సంస్థ విడతలవారీగా సమయం మారుస్తూ పోగా విమానం మధ్యాహ్నం 1 గంటకు బయలుదేరింది. ఆమె పత్ర సమర్పణ సమావేశం ముగిసిపోయింది.

“తేదీ …న మీ … నంబరు విమానంలో ఉదయం 6.00 గంటలకు హైదరాబాదు నుంచి ఢిల్లీకి బయలుదేరవలసి ఉండగా, నేను సకాలంలో చెక్-ఇన్ చేశాను. 5.40, 6.30, 8.00, 10.15 గంటలకు మీరు పంపిన సందేశాల్లో నాలుగు వేర్వేరు సమయాలు తెలిపారు. విమానం మధ్యాహ్నం 1.00 గంటకు బయలుదేరింది. ఆలస్యానికి కారణం తెలపమని 8.10 గంటలకు ఈ-మెయిల్ ద్వారా కోరినా జవాబు రాలేదు. ఆలస్యం 6 గంటలు దాటినప్పటికీ ప్రత్యామ్నాయ విమానం లేదా వాపసు ఎంచుకునే అవకాశం నాకు ఇవ్వలేదు. దీనివల్ల సదస్సు నమోదు రుసుము 2,000 రూపాయలు, సొంతంగా కొనుక్కున్న ఆహారం 640 రూపాయలు నష్టపోయాను. రసీదులు జతచేశాను. ఈ 2,640 రూపాయలతో పాటు, సమాచారం తొక్కిపెట్టడం వల్ల కలిగిన మనోవేదనకు … రూపాయలు చెల్లించవలసిందిగా కోరుతున్నాను. ఆలస్యానికి కారణం మీ అదుపులో లేనిదైతే, దానిని ఆధారాలతో తెలియజేయగలరు.”

ఈ నమూనాలో ‘నష్టపరిహారం’ అన్న పదం ఒక్కసారి కూడా రాలేదు. అయినా ప్రతి వాక్యమూ దానికి పునాది వేస్తోంది. చివరి వాక్యం నిరూపణ భారాన్ని సంస్థ వైపు మళ్లిస్తోంది. పత్రం చదివే అవకాశం పోవడమే ఆమెకు అసలైన నష్టం. దానికి రసీదు ఉండదు కాబట్టి, సదస్సు నిర్వాహకుల నుంచి సమావేశ సమయాన్ని ధ్రువీకరించే లేఖ తీసుకుని జతచేస్తే మనోవేదన కింద కోరిన మొత్తానికి ఆధారం ఏర్పడుతుంది.

7.3. ఆశ్రయించవలసిన వేదికలు:

మొదట సంస్థ ఫిర్యాదుల విభాగానికి, తరువాత దాని నోడల్ అధికారికి, ఆపై అప్పీలు అధికారికి రాయాలి. ఫలితం లేనప్పుడు పౌర విమానయాన మంత్రిత్వశాఖ నిర్వహించే ‘ఎయిర్‌సేవా’లో నమోదు చేయాలి. 1915 నంబరుతో పనిచేసే జాతీయ వినియోగదారుల సహాయవాణి ద్వారా కూడా రాజీకి ప్రయత్నించవచ్చు. ఆ తరువాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2025 జనవరిలో ప్రారంభమైన ‘ఈ-జాగృతి’ ద్వారా ఇంటి నుంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. న్యాయవాది తప్పనిసరి కాదు. ప్రత్యామ్నాయంగా శాశ్వత లోక్ అదాలత్‌ను ఆశ్రయించవచ్చు గాని, అక్కడ దరఖాస్తు చేసిన తరువాత అదే వివాదంపై కోర్టుకు వెళ్లరాదన్న నిబంధనను గుర్తుంచుకోవాలి. ఇన్ని మెట్లు ఎక్కుతున్నంతసేపూ రెండేళ్ల కాలపరిమితి నడుస్తూనే ఉంటుంది. సంస్థతో జరిగే ఉత్తర ప్రత్యుత్తరాలు దానిని ఆపవు.

8. ముగింపు:

పై పరిశీలన నుంచి కింది అంశాలను నిర్ధారించవచ్చు.

1. భారతీయ విమానయాన నియమాల్లో ఆలస్యానికి సౌకర్యం, ఆరు గంటలు దాటితే వాపసు ఉన్నాయి. స్థిరమైన నగదు పరిహారం రద్దుకూ, ప్రయాణ నిరాకరణకూ పరిమితం.

2. ఆలస్యానికి పరిహారం కోరేవారు విమాన రవాణా చట్టాన్ని గాని, వినియోగదారుల రక్షణ చట్టాన్ని గాని ఆధారం చేసుకోవాలి. అక్కడ నష్టాన్ని అంకెల్లో, రసీదులతో చూపాలి.

3. ఆలస్యానికి కారణాన్ని రుజువు చేయవలసినది సంస్థ. ఆ కారణాన్ని లిఖితపూర్వకంగా అడగవలసినది ప్రయాణికుడు.

4. ఐరోపా మీదుగా అమెరికాకు ఒకే బుకింగుతో వెళ్లేవారికి ఐరోపా పరిహారం వర్తించదు.

ఐరోపాలో ఆలస్యానికి పరిహారం శాసనకర్తలు రాసి ఇచ్చినది కాదు. ప్రయాణికులు వివాదాన్ని కోర్టు దాకా తీసుకువెళ్లడం వల్ల వచ్చినది. మూల పాఠంలో లేని హక్కు వారి వ్యాజ్యాల ద్వారా రూపుదిద్దుకుంది. మన దేశంలో ఆ దిశగా మార్పు రావాలన్నా, ముందుగా పక్కా ఆధారాలతో, సరైన పదాలతో రాసిన అభ్యర్థనలు కమిషన్ల ముందుకు చేరాలి. రెండు వేల ఆరు వందల రూపాయల కోసం ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్న సహజమే. ప్రయాణికులందరూ ఆ ప్రశ్న వేసుకుని ఊరుకున్నంత కాలం, వారు విమానాశ్రయాల్లో పోగొట్టుకునే గంటలు ఎవరి లెక్కలోకీ రావు.